దీవెనమ్మ గైర్హాజరు

నా జ్ఞాపకాలలోని ఈ అధ్యాయంలోకి వెళ్ళే ముందు, మంచం పట్టిన మా పెద్దమ్మ దీవెనమ్మకూ, ఆమె తరఫున అడిగిన పాపానికి నాకూ, మా గ్రామ క్రైస్తవ సంఘ కమిటీ ఈ ఏడాది చేసిన అన్యాయాలను వరుసగా నమోదు చేస్తున్నాను. నెలలూ తేదీలూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. కమిటీవారు కాలాన్ని పండుగల ప్రకారమే గుర్తుపెట్టుకుంటారు గనుక, వారికి తెలిసిన పద్ధతిలోనే రాస్తున్నాను.

మట్టల ఆదివారం: ఇంటికి వచ్చి మా పెద్దమ్మకు ప్రభు సంస్కారం, అంటే ఆ రొట్టె ముక్కా ద్రాక్షరసమూ, ఇవ్వవలసిందిగా కోరుతూ కార్యదర్శి చేతికి అర్జీ ఇచ్చాను. ఆయన దాన్ని ఈత మట్టతో కలిపి పట్టుకొని ఊరేగింపులో నడిచారు. ఊరేగింపు ముగిశాక మట్టలను మందిరం వెనక పారేశారు. నా అర్జీ నాకు అక్కడే దొరికింది. భద్రపరిచాను.

శుభ శుక్రవారం: ప్రభువు దాహాన్ని గురించిన ప్రసంగం ఒక్కటే ముప్పావు గంట నడిచింది. తరువాత మజ్జిగ పంచారు. ఆ వరుసలో నిలబడి పాస్టరుగారిని రెండవసారి అడిగాను. ఈ రోజు చాలా అలసిపోయానని సెలవిచ్చారు.

ఈస్టరు మరుసటి సోమవారం: కమిటీ అధ్యక్షులకు రిజిస్టర్డ్ పోస్టు పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డు నా దగ్గర ఉంది. జవాబు లేదు.

పెంతెకొస్తు పండుగ: జవాబుకు బదులు ఒక ఫారం ఇచ్చారు. అందులో ‘రక్షణ పొందిన తేదీ’, అంటే మారుమనసు పొంది ప్రభువును అంగీకరించిన రోజు, అనే గడి ఉంది. ఖాళీగా వదిలితే ఫారం చెల్లదని కింద చిన్న అక్షరాలలో అచ్చువేసి ఉంది.

కోత పండుగ: కమిటీవారు ఫోటోగ్రాఫరుతో సహా మా ఇంటికి వచ్చి, ‘నమ్మకమైన సేవకురాలు’ అని పెద్దమ్మకు మంచం మీదనే శాలువా కప్పారు. నాలుగు ఫోటోలు తీసుకున్నారు. తరువాత, ముఖ్య అతిథి వెంట వచ్చినవారికి ఒక శాలువా తక్కువ పడిందని చెప్పి, ఆమె మీది శాలువాను మడిచి తీసుకుపోయారు. ఫోటోలో వచ్చింది కదా అన్నారు. శాలువాకు తెలిసిన మా ఇంటి దారి రొట్టెకు ఇంకా తెలియలేదు.

ఆగమన కాలపు మొదటి ఆదివారం, అంటే క్రిస్మసుకు నాలుగు వారాల ముందు: పాత రిజిస్టర్ల ప్రకారం దీవెనమ్మ సంస్కార నిషేధంలో ఉన్నదని నోటిమాటగా తెలియజేశారు. రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. ఒక జిరాక్సు కాగితం మాత్రం ఇచ్చారు.

పైవాటిలో మొదటి ఐదింటినీ నేను కోపంతో భరించగలిగాను. ఆరవదాన్ని భరించడానికి కోపం చాలలేదు. ఆ కాగితంలో దీవెనమ్మ అనే పేరుకు ఎదురుగా, గడి తరువాత గడిలో, ‘గై’ అనే అక్షరం గుండ్రంగా, ఎక్కడా అలుక్కుపోకుండా రాసి ఉంది. గైర్హాజరు అని దాని అర్థం. ఆ దస్తూరి నాది. నాకు పదేళ్ళో పదకొండేళ్ళో ఉన్నప్పటిది.

మా ఊరు బిజినేపల్లి రోడ్డు నుంచి లోపలికి చీలిన దారిలో ఉంది. వానాకాలపు పంట చేతికి వచ్చినా రాకపోయినా, దసరా దాటగానే మేస్త్రీ లారీ వేసుకొని వచ్చేవాడు. మా వాడలో కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా ఆ లారీ ఎక్కి, ఎక్కడో ఎవరి కోసమో కడుతున్న ఆనకట్టకో, తవ్వుతున్న కాలువకో మట్టి మోయడానికి వెళ్ళేవారు. ఏ రాష్ట్రంలో ఏ పొలం తడిసినా అందులో మా వాడ చెమట కొంత ఉండేది. మా ఊరి చెలకలు మాత్రం మబ్బుల దయమీదే బతికేవి. మా అమ్మా నాన్నా కూడా ఆ లారీలోనే వెళ్ళేవారు. నేను బడిలో చదువుతున్నానని నన్ను మా అమ్మకు అక్క అయిన దీవెనమ్మ దగ్గర వదిలేవారు. పెళ్ళయిన రెండేళ్ళకే పెనిమిటి పోయిన మనిషి ఆమె. పిల్లలు లేరు. అప్పటికి ఆమెకు ముప్పై దాటి ఉంటాయేమో. నా కళ్ళకు మాత్రం ఎప్పుడూ పెద్దదిగానే కనబడేది.

లారీ కదిలే ముందు ఒక్కొక్క ఇంటివారూ వచ్చి తమ తాళంచెవి పెద్దమ్మ చేతిలో పెట్టేవారు. ఆమె ఇంటి మట్టిగోడకు వరుసగా మేకులు ఉండేవి. ప్రతి చెవికీ ఆ ఇంటి పాత చీర నుంచో పంచె నుంచో చింపిన పేలిక కట్టి ఉండేది. చదువు రాని పెద్దమ్మ ఆ పేలికను రెండు వేళ్ళతో నలిపి, ఇది ఫలానావారి పొయ్యి పక్కన పిల్లి ఈనిన ఇల్లు, ఇది దూలం వంగిన ఇల్లు అని చెప్పేది. పద్ధతి అంటే నాకు అప్పటికే పిచ్చి. చిన్న కాగితాల మీద పేర్లు రాసి చెవులకు కడతానన్నాను. ఆమె నవ్వింది.

“కాయితం ఎలుకలు కొడ్తయి బిడ్డా. బట్టకైతే మనిషి వాసన ఉంటది.”

మనిషి చూడని ఇంటిని చెదలు చూస్తాయని ఆమె నమ్మకం. అది వట్టి నమ్మకం కాదు, మా పల్లెల్లో అందరికీ తెలిసిన విషయం. మూసిన ఇంట్లో వారానికి ఒకసారైనా పొయ్యి రాజుకోవాలి. పొగ కప్పులోకి ఎక్కాలి. లేకపోతే కట్టె పుచ్చిపోతుంది, గడ్డి కుళ్ళిపోతుంది, తేళ్ళు గూడు పెడతాయి. పెద్దమ్మ ఒక్కో తలుపూ తీసి, ముందు గడప మీద నిలబడి దగ్గేది. లోపల ఉన్న పామో ఎలుకో తన దారి తాను చూసుకోవడానికి ఇచ్చే గడువు అది. తరువాత ఊడ్చి, కందికట్టెలు విరిచి పొయ్యిలో పెట్టేది. ఖాళీ ఇళ్ళ వాసనలు నాకు ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి. జొన్నలు అయిపోయిన గుమ్మిలో మిగిలిన తీపి దుమ్ము, ఎండిన సొరకాయ బుర్ర, ఎలుక పెంటికలు, వాటి మీద నెమ్మదిగా కమ్ముకొనే కందికట్టె పొగ. ఆ పొగ వచ్చిన తరువాత ఇల్లు మళ్ళీ ఎవరిదో అయ్యేది. ఆఖరున వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లి, తాళం వేసి, లాగి చూసి, ఇంకోసారి లాగి చూసి కదిలేది.

కాపువాళ్ళు కూడా పెళ్ళిళ్ళకో జాతరకో ఇల్లంతా కలిసి వెళ్ళినప్పుడు తాళంచెవి ఆమెకే ఇచ్చేవారు. మిగతా దినాలలో మా వాడ వైపు తిరిగి చూడనివారు చెవి ఇవ్వడానికి మాత్రం స్వయంగా వచ్చేవారు. దూరంగా నిలబడి, చేయి తగలకుండా పైనుంచి ఆమె దోసిట్లో పడవేసేవారు. ఇంటినిండా ఉన్న ధాన్యాన్ని ఆమె చేతిలో పెట్టవచ్చును గాని, ఆ చేతిని ముట్టరాదు. ఆమె వారి వాకిట్లో సాన్పి చల్లి వచ్చేది తప్ప లోపలికి పోయేది కాదు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ఇక మా ఉపదేశి యోహానయ్యను గురించి చెప్పాలి. పాస్టరు లేని పల్లెల్లో ఆరాధన జరిపించే మనిషిని ఉపదేశి అనేవారు. వనపర్తి మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి గనుక ఎండాకాలంలోనూ నల్లకోటు వేసుకొనేవాడు. ఆ కోటుకు కలరా ఉండల వాసన. జేబులో గొలుసు గడియారం ఉండేది. అది నడిచేది కాదు; అయినా దాన్ని తీసి చూడనిదే గంట కొట్టేవాడు కాదు. రిజిస్టర్లంటే ఆయనకు ఉన్న భక్తి ఇంక దేనిమీదా ఉండేదని చెప్పలేను. పుట్టుకల పుస్తకం, బాప్తిస్మాల పుస్తకం, పెళ్ళిళ్ళ పుస్తకం, సంస్కారపు పట్టీ, హాజరు పట్టీ. పుస్తకంలో లేనివాడు పరలోకంలో కూడా ఉండడని తరచుగా అనేవాడు. నా దస్తూరి బాగున్నదని ఆయన హాజరు పట్టీని నాకు అప్పగించాడు. ఎర్ర సిరా కలం కూడా ఇచ్చాడు. జీవితంలో తరువాత నాకు దొరికిన ఏ ఉద్యోగమూ, గద్వాల పెద్దబడిలో ప్రధానోపాధ్యాయురాలి కుర్చీతో సహా, నాకు అంత గర్వాన్ని ఇవ్వలేదు. మొదటి కీర్తన ముగిసిన తరువాత వచ్చినవారికి నేను హాజరు వేసేదాన్ని కాదు. నా నేస్తానికి కూడా వేయలేదు. ఆ పిల్ల వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఆ సంగతిని కూడా ఒక పక్కన రాసిపెట్టాను.

పెద్దమ్మ ఆదివారం ఆరాధనకు వచ్చేది కాదు. వచ్చినా, చివరి ప్రార్థన వేళకు తడిచిన చీరకొంగుతో వచ్చి వెనక చాప మీద కూర్చునేది. మిగతా ఆరు దినాలూ కూలికి పోతుంది గనుక, మూసిన ఇళ్ళ పని ఆదివారం పెట్టుకున్నదని వాడంతా అనుకొనేది. నేనూ అంతే అనుకున్నాను. వాక్యం వినడం కంటే ఖాళీ ఇళ్ళకు పొగ పెట్టడం ముఖ్యమనుకొనే ఆడవాళ్ళను గురించి యోహానయ్య ఏడాదికి రెండుమూడు ప్రసంగాలైనా చేసేవాడు. పేరు చెప్పేవాడు కాదు. చెప్పవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే లారీ ఎక్కనివారే ఆ మందిరంలో మిగిలేవారు. వారిలో నడవగలిగి కూడా రాని మనిషి ఒక్కతే. వరుసగా మూడు ఆదివారాలు రాకపోతే సంస్కారపు పట్టీ నుంచి పేరు తీసివేయడం ఆయన పెట్టుకున్న నియమం. రెండు గడులు నిండిన వారంలో నేను ఆమెను హెచ్చరించాను. ఆమె జొన్నపిండి తడుపుతూ ఉన్నది. వచ్చే వారం కూడా రాకపోతే మూడవది అవుతుందని, నేను తప్పక రాయవలసి వస్తుందని చెప్పాను.

“రాయి బిడ్డా. రానిదాన్ని వచ్చినట్టు ఎట్ల రాస్తవు?” అని రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

రాశాను. యోహానయ్య ఆమె పేరు మీద గీత గీశాడు. గీత వంకర పోకుండా నా బడి స్కేలే వాడాడు.

సంస్కారం మా ఊళ్ళో రెండు మూడు నెలలకు ఒకసారి జరిగేది. వనపర్తి నుంచి పాస్టరు బస్సులో వచ్చేవాడు. ద్రాక్షపళ్ళు మా కంటికి కనబడని కాలం. ఎండుద్రాక్షను శనివారం నానబెట్టి, తెల్లవారకముందే ఉడికించి, పలుచని బట్టలో పిండి రసం తీసేవారు. ఆ పని పెద్దమ్మది. ఇల్లంతా బెల్లపు పాకానికీ పులుపుకూ నడుమ ఉండే ఒక వాసనతో నిండేది. ఒక్క బొట్టు నాలుక మీద వేయమని నేను బతిమాలినా వేసేది కాదు. తాను కూడా వేలు నాకేది కాదు, నీళ్ళతో కడుక్కునేది. పాస్టరు వచ్చాక పట్టీ చదివేవారు. పేరు వినబడినవారు ముందుకు వెళ్ళేవారు. ఆ సమయానికి ఆమె లేచి మందిరం వెనక రాయి దగ్గరికి వెళ్ళి వేడినీళ్ళు సిద్ధం చేసేది. తాగి దించిన చిన్న చిన్న గాజు గిన్నెలన్నీ అక్కడికే వచ్చేవి. బూడిదతో తోమి, వేడినీళ్ళతో కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లించేది. ఒక్కటీ పగిలినట్టు నా రికార్డులో లేదు.

యోహానయ్య పోయాడు. రిజిస్టర్లు ట్రంకు పెట్టెలోకి పోయాయి. నేను ట్రైనింగుకు పోయి, బిజినేపల్లిలో, వనపర్తిలో, గద్వాలలో ఉద్యోగం చేశాను. తరువాత వచ్చిన పాస్టర్లు పట్టీ చదవడం మానేశారు. కూర్చున్నవారందరికీ రొట్టె అందించేవారు. కాని దీవెనమ్మ మీది నిషేధం తీసివేశామని ఆమెతో ఎవరూ అనలేదు. ఎవరూ అనలేదు గనుక ఆమె రొట్టె వచ్చే వేళకు లేచి వెనక్కి వెళ్ళిపోతూనే ఉన్నది, అరవై ఏళ్ళ పాటు. గిన్నెల పని మీద ఉన్నదిలే అని సంఘం అనుకొన్నది. సెలవులకు వచ్చినప్పుడల్లా ముందు వరుసలో కూర్చొని సంస్కారం తీసుకున్న నేను, వెనక ఎవరు లేచి వెళ్ళారో ఒక్కసారీ తిరిగి చూడలేదు. ప్రతిదీ రాసిపెట్టే మనిషిని, ఇది రాయలేదు.

ఈ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో ఆమె పూర్తిగా మంచం పట్టింది. పదవీ విరమణ తరువాత ఊరి మొదట్లో కట్టుకున్న నా ఇంటికి తెచ్చుకున్నాను. ఒక ఉదయం గట్క తినిపిస్తుంటే, జీవితంలో మొదటిసారి నన్ను ఒకటి అడిగింది.

“బిడ్డా, నాకు బల్ల ఇస్తరేమో జర అడుగుతవా? నా మీదిది తీసేసిన్రో లేదో తెల్వదు.”

ప్రభు సంస్కారాన్ని మా వాళ్ళు బల్ల అంటారు. ఆమె అడిగినది ఆ రొట్టె ముక్క ఒక్కటే. దాని కోసమే నేను పైన రాసిన పండుగలన్నీ తిరిగాను.

ఆగమన కాలపు ఆ ఆదివారం కమిటీ గదిలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మందిరం కొత్తది, కమిటీ గది ఇంకా కొత్తది. చలి పుట్టించే యంత్రం ఉన్నది, గాజు బల్ల ఉన్నది. గోడ మీద ‘సేవయే మా శ్వాస’ అని ఫ్లెక్సీ ఉన్నది. దాని మీద కమిటీ సభ్యుల ఫోటోలన్నీ ఉన్నవి గనుక, సేవకు చోటు చాలక ఆ మాటను మూలకు జరిపారు. కార్యదర్శి సుధాకర్ గద్వాలలో పత్తివిత్తనాల వ్యాపారం చేస్తాడు. బిజినేపల్లి బడిలో నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు. అతడు చంటిపిల్లవాడుగా తల్లి చంకన లారీ ఎక్కినప్పుడు అతని ఇంటి తాళంచెవి కూడా మా పెద్దమ్మ మేకుకే వేలాడింది. ఆ సంగతి అతనికి తెలియదు. అతని ఇంటి దూలానికి తెలుసు.

“మాకేమన్న పగనా మేడమ్? నిషేధం వెట్టినట్టు రికార్డుల ఉన్నది, ఎత్తేసినట్టు లేదు. మేమేం జెయ్యాలె?” అన్నాడు.

అరవై ఏళ్ళు గిన్నెలు కడిగినట్టు రికార్డులో ఉన్నదా అని అడిగాను. గిన్నెలు కడిగేవారికి రిజిస్టరు పెట్టలేదని సమాధానం. ఆమె తప్పు ఒప్పుకుంటే నిషేధం తొలగుతుందని, మందిరానికి రాలేకపోతే వాట్సాప్ వీడియోలో ఒప్పుకున్నా చాలునని, దానిని తెరమీద అందరికీ చూపిస్తామని పాస్టరుగారు దయతో సూచించారు. ఏ తప్పు అని అడిగాను. అప్పుడు సుధాకర్ ఆ జిరాక్సు కాగితాన్ని గాజు బల్ల మీద నా వైపు జరిపాడు.

“ఇది మీ రాతే కదా మేడమ్. రికార్డు లేకుంటే మాట చెల్లదని మీరే నేర్పితిరి. గా ఆదివారాలు ఎందుకు రాలేదో ఒక కారణం, దానికి ఒక సాక్షి పేరు రాసియ్యుండ్రి. గంతే. గడియల తీసేస్తం.”

వెక్కిరింపు కాదు. అతడు నిజంగానే నాకు ఒక దారి చూపించాననుకున్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకు నేర్పిన పాఠాన్ని ఒక్క పిల్లవాడు అంత బాగా నేర్చుకున్నాడని నాకు అంతవరకు తెలియదు.

ఇంటికి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఆ ఆదివారాలు ఎందుకు రాలేదో చెప్పమన్నాను. ఇళ్ళకు పొగ పెట్టే పని శనివారం సాయంత్రమైనా చేయవచ్చు కదా అన్నాను.

“పాటలు మొదలైనంక వాడల ఎవ్వరుండరు బిడ్డా. గా యాల్లనే ఆయనకు తానం వోసేది.”

ఆనకట్టల పనుల్లో నడుములు విరిగి తిరిగి వచ్చినవారు మా వాడలో ఆ రోజుల్లో ఒకరికంటే ఎక్కువమంది ఉండేవారు. కొందరు లేచారు, కొందరు లేవలేదు. వారిలో ఒకరిని గురించి ఆమె చెబుతున్నది. ఇల్లు గడవడానికి భార్య లారీ ఎక్కక తప్పలేదు. ఆ మనిషి ఒకప్పుడు పందెం వేసి బండరాయి ఎత్తినవాడట. ఇప్పుడు కింద గుడ్డ మార్చడానికి కూడా ఇంకొకరి చేతులు కావాలి.

“పసిపిల్లగానిలెక్క ఎత్తి తుడ్వాలె. ఎవరన్న చూస్తే సచ్చిపోత అక్కా అని ఏడుస్తుండె. వాడ ఖాళీగ ఉండేది గా ఒక్క యాలనే. ఇండ్లకు పొగ వెట్ట వోయిన అనుకుంటరు. అనుకోనీ.”

ఉపదేశికి చెబితే సరిపోయేది కదా అన్నాను. ఆమె మొహంలో ఎన్నో వారాల తరువాత నవ్వులాంటిది కనబడింది.

“ఉపదేశి మంచోడే. గని చెప్తే ప్రార్థన చేస్తడు బిడ్డా. మందిరంల, పేరు వెట్టి, అందరు వినేటట్టు చేస్తడు.”

కారణం దొరికింది. సాక్షి కూడా దొరికినట్టే. ఆ మనిషి పేరు ఒక్కటి రాస్తే చాలు. నేను నోటుపుస్తకం తెరిచాను. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది గదా, పేరు రాస్తానన్నాను. ఆమె చేయి దుప్పటి కింది నుంచి వచ్చి నా కలాన్ని పట్టుకున్నది. అంత బలం ఇంకా మిగిలి ఉన్నదని నేను అనుకోలేదు.

“ఆయన పోతే ఏమాయె? మనుమలు లేరా, మునిమనుమలు లేరా? గిన్ని దినాలు దాసింది గిప్పుడు రాస్తవా? వద్దు. బల్ల ఇయ్యకున్నా మంచిదే.”

మరి కమిటీకి ఏమని రాయమంటావు అని అడిగాను.

“రాలే అని రాయి. నిజమే గదా.”

ఫారంలోని ఆ గడి సంగతి కూడా అప్పుడే అడిగాను. రక్షణ ఎప్పుడు పొందావు పెద్దమ్మా, తేదీ కావాలట అన్నాను. మా సంఘంలో ఈ తేదీ మహా విలువైనది. సుధాకర్‌కు తేదీ ఉన్నది. ఏ సభలో, ఏ ప్రసంగీకుని చేతికింద, సాయంత్రం ఎన్ని గంటలకు పొందాడో సాక్ష్యంలో చెబుతాడు. కోశాధికారికి రెండు తేదీలు ఉన్నాయి. మొదటిది ఎందుకో నిలవలేదు. పెద్దమ్మ ఆలోచించి, తేదీ తనకు తెలియదని, లేచిన ప్రతి దినం మళ్ళీ మొదలుపెట్టుకుంటానని చెప్పింది. దాన్ని ఆ గడిలో పట్టించడం నా వల్ల కాలేదు.

పక్క పొలం బాలకిష్టయ్య రోజూ ఆమెకు పలుచని మజ్జిగ తెస్తాడు. తాళంచెవిని పైనుంచి పడవేసిన కుటుంబంవాడే. ఇప్పుడు మా ఇంట్లోకి వచ్చి, ఆమె తల ఎత్తి పట్టుకొని, చెంచాతో తాగిస్తాడు. నా గొడవంతా విని, తల గోక్కొని ఒక మాట అన్నాడు.

“మీ దేవునికి గూడ రిజిస్టరే గావాల్నా అక్కా? మా రేషన్ దుకాణంల ఏలిముద్ర పడకుంటే మొఖం జూసి బియ్యం ఇస్తరు.”

ఆ కాలమంతా మంచిదని నేను అనబోవడం లేదు. మనుషులను లారీలలో మట్టి తట్టలతో కలిపి కుక్కిన కాలం. ముట్టుకోకుండా తాళాలు పడవేసిన కాలం. నావంటి పిల్ల చేతికి ఎర్ర సిరా ఇచ్చి మనుషులను కొట్టివేయించిన కాలం. ఇప్పుడు మా వాడవాళ్ళు హైదరాబాదుకూ పూనాకూ పోతున్నారు. తాళంచెవి తమ సంచిలోనే పెట్టుకుపోతున్నారు. కొన్ని ఇళ్ళకు కెమెరాలు ఉన్నాయి. అది మంచిదే. అయితే నాకు తేడా తెలిసింది ఒకచోట. మా సంఘానికి ఇప్పుడు సేవా విభాగం ఉన్నది. దానికి ఒకే రంగు చొక్కాలు ఉన్నాయి. ఎండాకాలంలో బస్టాండు దగ్గర నీళ్ళ ప్యాకెట్లు పంచుతారు; పంచే చేయి, పుచ్చుకొనే చేయి, మధ్యన ప్యాకెట్టు, మూడూ ఫోటోలో పడేదాకా దాహంగా ఉన్నవాడు ప్యాకెట్టు కొరకరాదు. మొన్నటి కోత పండుగలో ముఖ్య అతిథి భార్యకు గద్వాల చీర పెట్టారు. ఆ చీర పెట్టడం కూడా సేవా నివేదికలో ఒక అంశం. నివేదిక ముప్పై పేజీలు వచ్చింది. దానిని సరిచూసి ఇచ్చినది నేనే. తప్పులు దిద్దాను, అచ్చుతప్పులే. ఆ ముప్పై పేజీలలో ఎవరూ ఎవరినీ దాచిపెట్టలేదు. ఒక మనిషి సిగ్గు బయటపడకూడదని, తన పేరు మీద గీత పడనిచ్చి, ఆ గీత కింద అరవై ఏళ్ళు గిన్నెలు కడిగిన సేవకు ఏ నమూనా ఫారమూ లేదు. ఉండి ఉంటే ఆమె నింపేది కాదు. రక్షణ అంటే ఏమిటని చిన్నప్పుడు యోహానయ్య నాచేత వల్లె వేయించిన జవాబు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. అది నేను పెరిగిన ఇంట్లోనే మనిషిగా తిరుగుతూ ఉండగా నేను మందిరంలో కూర్చొని దానికి గైర్హాజరు వేశాను.

కనుక సంఘ కమిటీ అధ్యక్షులకు, కార్యదర్శికి, పాస్టరుగారికి, ఈ అధ్యాయం ప్రతిని జతపరచి, ఈ కింది విధంగా తెలియజేస్తున్నాను.

దీవెనమ్మ ఆ ఆదివారాలు ఆరాధనకు రాలేదన్నది నిజం. నేను వేసిన గుర్తులు సరైనవే. వాటిని దిద్దమని కోరడం లేదు. కారణం పైన రాశాను. సాక్షి పేరు నాకు తెలుసు, ఇవ్వను. అడిగినా ఇవ్వను, ప్రమాణం చేయించినా ఇవ్వను, పాత రిజిస్టర్లతో పోల్చి మీకై మీరు కనుక్కొనే ప్రయత్నం చేస్తే అది తప్పని ఇప్పుడే రాతమూలకంగా అభ్యంతరం చెబుతున్నాను. రక్షణ పొందిన తేదీ గడిని ఖాళీగానే వదిలి ఫారాన్ని తిరిగి పంపుతున్నాను. వీడియోలో ఒప్పుకోలు ఉండదు. ఒప్పుకోవలసినది ఏదైనా ఉంటే అది హాజరు వేసినదానిది. ఏ ఆదివారమైనా, మీరు చెప్పిన తెర ముందు, నేను నిలబడడానికి సిద్ధం.

పేరు లేకుండా, తేదీ లేకుండా, సాక్షి లేకుండా ఆమెకు సంస్కారం ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వకూడదని మీ నిర్ణయమైతే, ‘ఈమె అర్హురాలు కాదు’ అన్న ఒక్క వాక్యాన్ని తెల్లకాగితం మీద రాసి, కమిటీ సభ్యులందరూ ఎవరి సంతకం వారు చేసి, ఏడు రోజులలోగా నాకు అందజేయవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటగా చెప్పిన జవాబు చెల్లదు. జవాబుకు బదులు రొట్టె తీసుకొని ఎవరైనా వస్తే దానిని రాతపూర్వకమైన జవాబుగానే స్వీకరిస్తాను.

ఆమె గొంతులో ఇప్పుడు చెంచాడు మజ్జిగ మాత్రమే దిగుతున్నది. జవాబు చిన్నదిగా ఉన్నా చాలును. ఆలస్యం కాకూడదు.